తెగింది ఎక్కడ?

గిద్దలూరులో నెట్ పోతే కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. పోయిందని అందరూ చెబుతారు. ఎక్కడ పోయిందో ఒక్కరూ చెప్పలేరు. అప్పుడు ఇద్దరు కుర్రాళ్లు బండి మీద బయల్దేరి, స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ పోవాలి. ఎండాకాలంలో మార్కాపురం చుట్టుపక్కల ఈ పని ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్ ఇస్తామన్నారు. అంత చవకగా ఇవ్వగలగడానికి ఒక కారణం, ఫైబర్‌ను భూమిలో పూడ్చకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడం. ఖర్చు తగ్గింది, పని వేగంగా సాగింది. కానీ ఆ తీగ గాలివానకూ, విరిగిపడే కొమ్మకూ, ఎత్తుగా సరుకేసుకుని వచ్చే లారీకీ ఎదురుగా నిలబడింది. మొత్తం నెట్‌వర్క్‌ను గమనించే కేంద్రం విశాఖపట్నంలో ఉంది. మంచిదే. అయితే చివరి వీధి దాకా తీగ లాగే చిన్న ఆపరేటర్‌కు కూడా తనదైన నిఘా ఉండాలని నా గట్టి నమ్మకం. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను కొనక్కర్లేదు. కొందరు పెద్దమనసుతో రాసి, లోకానికి వదిలేశారు.

ఈ కథ 1983 డిసెంబరులో మొదలైంది. అమెరికాలోని మేరీల్యాండ్‌లో సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో మైక్ మూస్ అనే ఆయన పనిచేసేవారు. నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే, కారణం వెతకడానికి ఒక్క సాయంత్రంలో చిన్న ప్రోగ్రామ్ రాశారు. అదే పింగ్. జలాంతర్గాములు శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తాయి. ఈ ప్రోగ్రామ్ కూడా అంతే. ఎదుటి యంత్రానికి చిన్న పొట్లం పంపి, జవాబు వచ్చేదాకా గడియారం చూస్తుంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 600 కిలోమీటర్ల తీగలో వెళ్లిరావడానికి 6 మిల్లీసెకన్లు చాలు. అంత దూరానికి పింగ్ 200 మిల్లీసెకన్లు చూపించిందంటే దోషం దూరానిది కాదు, దారిలో ఎక్కడో రద్దీయో మరో ఇబ్బందో ఉందన్నమాట.

మూస్ తాను విన్న ఒక ముచ్చట చెబుతుండేవారు. ఒక ఉద్యోగి తన కంప్యూటర్ చేత ప్రతి జవాబుకూ ‘పింగ్’ అని గట్టిగా పలికించి, భవనమంతా తిరుగుతూ తీగల కనెక్టర్లను ఒక్కొక్కటే కదిపాడట. ఎక్కడ కదిపితే అరుపు ఆగిందో, తప్పు అక్కడే దొరికింది. మూస్ 2000లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ ప్రోగ్రామ్ మాత్రం ఈరోజు దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది.

ఎదుటి యంత్రం బతికుందా, ఎంతసేపట్లో పలికింది అన్నవే పింగ్‌కు తెలుసు. యంత్రం ఎంత సరుకు మోస్తోందో తెలియాలంటే యంత్రాన్నే అడగాలి. అలా అడిగే పద్ధతి, ఎస్‌ఎన్‌ఎంపీ, 1988లో వచ్చింది. ఇంగ్లండులోని లెస్టర్‌లో వెయ్యికి పైగా కంప్యూటర్లు ఒకే 64 కిలోబిట్ ఇంటర్నెట్ లైను మీద ఆధారపడ్డ రోజుల్లో, టోబియాస్ ఓటికర్ అనే స్విస్ యువకుడు ఐదు నిమిషాలకోసారి ఆ లెక్క అడిగి గీత గీసే ఎంఆర్‌టీజీని తయారుచేశారు. 1999లో ఆయనే ఆర్‌ఆర్‌డీటూల్ ఇచ్చారు. అది మార్కాపురం పలక లాంటిది. పరిమాణం పెరగదు, పాత అంకెలు తుడుచుకుపోయి సగటుగా మిగులుతాయి, కొత్తవాటికి చోటు దొరుకుతుంది. ఎన్నేళ్లు నడిచినా డిస్కు నిండదు.

నా దృష్టిలో అసలు మలుపు 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ విడుదల చేసిన ప్రోగ్రామ్. 2002 నుంచి దాని పేరు నాగియోస్. మార్కాపురం నుంచి తర్లుపాడు, కంభం మీదుగా గిద్దలూరుకు ఒకే లైను పోతోందనుకుందాం. తర్లుపాడు స్విచ్ ఆగితే ఆపైన ఉన్నవన్నీ పలకవు. ఎవరి వెనుక ఎవరున్నారో ముందే చెప్పి ఉంచితే నాగియోస్ తికమకపడదు. తర్లుపాడు పడిపోయిందనీ, కంభం, గిద్దలూరు అందుబాటులో లేవనీ విడివిడిగా చెబుతుంది. బండి నేరుగా తర్లుపాడుకే పోతుంది. రైలు పట్టాలా ఒకే వరుసలో ఊళ్లున్న ఈ ప్రాంతానికి ఇంతకంటే పనికొచ్చే ఆలోచన లేదు.

లాత్వియాలో ఒక బ్యాంకులో పనిచేస్తూ అలెక్సీ వ్లాదిషెవ్ మొదలుపెట్టిన జాబిక్స్ 2001లో అందరికీ ఉచితంగా అందింది. కొలవడం, గీత గీయడం, హెచ్చరించడం అన్నీ ఇందులో ఒకేచోట ఉంటాయి.

ఇంటింటి ఫైబర్‌కు ఇలాంటి నిఘా ఎలా ఉపయోగపడుతుందో చూడండి. ఇంట్లోని బాక్సుకు అందే వెలుగును డీబీఎంలలో కొలుస్తారు. 3 తగ్గితే వెలుగు సగమైనట్టు. నిన్న −20 ఉన్నది ఇవాళ −23 అయితే ఇంట్లోవాళ్లకు తేడా ఏమీ తెలియదు. కానీ ఎక్కడో అతుకు పాడవుతోంది. −27 దాటి దిగజారితే చాలా బాక్సులు చదవలేవు, ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ గీత రోజూ చూసేవాడు ఎర్ర లైటుకు ముందే అతుకు సరిచేస్తాడు. ఇంకొకటి, కరెంటు పోయిన క్షణంలో చాలా బాక్సులు తమలో మిగిలిన కాస్త విద్యుత్తుతో ఆఖరి కబురు పంపి ఆరిపోతాయి. వీధి మొత్తం ఆ కబురు వస్తే పోయింది కరెంటు. కబురేమీ లేకుండా వీధి మాయమైతే తెగింది తీగ. కోతలున్న ఊళ్లలో ఈ ఒక్క తేడా ఎన్ని వృథా తిరుగుళ్లను తప్పిస్తుందో!

జాగ్రత్తలు రెండు. యంత్రాలను అడిగే ఎస్‌ఎన్‌ఎంపీకి చాలాచోట్ల ‘పబ్లిక్’ అనే మాటే తాళంచెవిగా వస్తుంది. మొదటిరోజే మార్చేయాలి. హెచ్చరిక కూడా మీరు కాపలా కాసే తీగ మీదే రాకూడదు. తీగ తెగితే ఆ కబురూ ఆగిపోతుంది. మొబైల్ ఎస్‌ఎంఎస్ లాంటి వేరే దారి ఉంచుకోండి.

మార్కాపురం, కంభం, గిద్దలూరు ఆపరేటర్లకు నా మనవి ఇదే: మూలన పడ్డ పాత కంప్యూటర్ ఒకటి తీసి, లినక్స్ ఎక్కించి, ఈ నెలలోనే జాబిక్స్ గానీ నాగియోస్ గానీ పెట్టండి. మీ ఊరి ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ పిల్లలను పిలవండి. వాళ్లకు చదువు, మీకు సాయం.