పద్దులు తప్పిన జట్టు పట్టాలెక్కిన వైనం

వచ్చే సీజనుకు జట్టును సమకూర్చుకోవడమంటే ఒకప్పుడు కోచ్, ఎంపిక సంఘం కలిసి కూర్చుని పేర్లు రాసుకోవడం. ఈనాడు ఆ పని పద్దుల పుస్తకం ముందు మొదలవుతోంది. ఎవరిని అట్టిపెట్టుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, మిగిలిన సొమ్ముతో ఎవరిని తెచ్చుకోవాలి అన్న మూడు ప్రశ్నల చుట్టూ క్రీడావ్యాపారం పరిభ్రమిస్తోంది. ఐపీఎల్ క్రికెట్‌లోనైనా, ప్రొ కబడ్డీలోనైనా ప్రతి ఫ్రాంచైజీ నిర్ణీత మొత్తానికి లోబడే జట్టును కూర్చుకోవాలి. ధనబలం గల యజమాని మంచి ఆటగాళ్లందరినీ తన పంచన చేర్చుకుని పోటీని నిస్సారం చేయకుండా చూడటమే ఈ నిబంధన పరమార్థం.

మన దేశంలో ఈ పద్ధతి 2008లో ఐపీఎల్‌తో పాదుకొంది. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో వేతన పరిమితి 1990 నుంచే అమలులో ఉంది. ఆ పరిమితిని రహస్యంగా ఉల్లంఘించి, పట్టుబడి, గెలిచిన కిరీటాలను సైతం పోగొట్టుకుని, జట్టును సగం విప్పి మళ్లీ కట్టుకుని, మూడేళ్లు తిరగకముందే న్యాయంగా విజేతగా నిలిచిన క్లబ్బు అక్కడ ఒకటి ఉంది. మెల్‌బోర్న్ స్టార్మ్ అనే ఆ క్లబ్బు ఉదంతం మన ఫ్రాంచైజీలకూ, వాటిని నియంత్రించే సంస్థలకూ పాఠ్యాంశం వంటిది.

కూలి తగాదాలో పుట్టిన ఆట

రగ్బీ లీగ్ జన్మవృత్తాంతమే వేతనాలతో ముడిపడి ఉంది. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలో మిల్లుల్లోనూ, బొగ్గు గనుల్లోనూ పనిచేసే కార్మికులు శనివారం ఆటకు వెళితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని భర్తీ చేస్తామని క్లబ్బులు ముందుకు వచ్చినా, ఆటకు డబ్బు ముట్టరాదని పట్టుబట్టిన రగ్బీ యూనియన్ పెద్దలు అంగీకరించలేదు. ఫలితంగా 1895 ఆగస్టులో హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో ఇరవైకి పైగా క్లబ్బులు సమావేశమై వేరు కుంపటి పెట్టుకున్నాయి. కాలక్రమంలో ఆట నియమాలూ మారాయి. 1906 నుంచి జట్టుకు 15 మందికి బదులు 13 మంది ఆడుతున్నారు. బంతి చేతబట్టిన జట్టు ఆరుసార్లు పట్టుబడే లోగా గీత దాటాలి. లేకుంటే బంతి ప్రత్యర్థి పరమవుతుంది. కూతకు వెళ్లడం, పట్టు పట్టడం తెలిసిన మన కబడ్డీ ప్రేక్షకులకు ఈ ఆట అంత పరాయిదనిపించదు.

1908లో సిడ్నీలో లీగ్ పోటీలు ప్రారంభమయ్యాయి. 1995 ప్రాంతంలో రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ లిమిటెడ్ సంస్థ పోటీ లీగ్‌ను తలపెట్టడంతో ఆటగాళ్ల ధరలు ఆకాశాన్నంటాయి. రెండు వర్గాలూ రాజీపడి 1998లో జాతీయ రగ్బీ లీగ్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. అదే ఏడాది బరిలోకి దిగిన కొత్త క్లబ్బే మెల్‌బోర్న్ స్టార్మ్. వేరొక తరహా ఫుట్‌బాల్‌ను ఆరాధించే నగరంలో వెలసినప్పటికీ, రెండో ఏటనే, అంటే 1999లోనే, ఛాంపియన్‌షిప్‌ను కైవసం చేసుకుంది.

రెండు రకాల లెక్కలు

2007, 2009 సంవత్సరాలలోనూ స్టార్మ్ జట్టే విజేత. ఒకే జట్టులో అంతమంది ఉద్దండులు వేతన పరిమితికి లోబడి ఎలా ఇముడుతున్నారన్న సందేహం ఇతర క్లబ్బులను పీడిస్తూనే ఉండేది. 2010 ఏప్రిల్ 22న ఆ సందేహానికి సమాధానం లభించింది. లీగ్‌కు సమర్పించే ఒప్పందాలు ఒక రకంగా, ఆటగాళ్లకు వాస్తవంగా చెల్లించే సొమ్ముకు సంబంధించిన పత్రాలు మరొక రకంగా ఉన్నట్లు బయటపడింది. అయిదేళ్లలో 17 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల మేరకు పరిమితి దాటారని తొలి అంచనా. లోతుగా విచారణ జరిపిన మీదట ఆ మొత్తం 30 లక్షల డాలర్లను మించింది.

శిక్ష కఠినంగానే పడింది. 2007, 2009 టైటిళ్లు రద్దయ్యాయి. 5 లక్షల డాలర్ల జరిమానా విధించారు. 11 లక్షల డాలర్ల బహుమతి సొమ్మును వెనక్కి తీసుకుని మిగిలిన 15 క్లబ్బులకు పంచాలని నిర్ణయించారు. అన్నింటికంటే బాధాకరమైనది, 2010 సీజనులో ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా ఒక్క పాయింటు కూడా లెక్కలోకి రాదన్న ఉత్తర్వు. ఆ ప్రకటన వెలువడిన మూడు రోజులకే ఆ జట్టు న్యూజీలాండ్ వారియర్స్‌ను 40-6 తేడాతో ఓడించింది. ఆ సీజనులో సగానికి పైగా మ్యాచ్‌లు గెలిచినా పట్టికలో అట్టడుగునే నిలిచింది. తప్పుడు లెక్కలు రాసింది కార్యాలయం. ఫలితం లేని ఆట ఆడవలసి వచ్చింది ఆటగాళ్లు.

ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి?

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. 2011 సీజను మొదలయ్యే నాటికి జట్టు ఖర్చు పరిమితిలోకి రావాలి. అంటే కొందరిని తప్పనిసరిగా వదులుకోవాలి. కోచ్ క్రెయిగ్ బెల్లమీ, క్లబ్బు యాజమాన్యం కలిసి ముగ్గురి చుట్టూ జట్టును నిలపాలని తీర్మానించారు. కెప్టెన్ కామెరాన్ స్మిత్, ఆటను నడిపించే కూపర్ క్రాంక్, వెనుక కాపు కాసే బిల్లీ స్లేటర్ ఆ ముగ్గురు. బంతి ఎక్కువసార్లు చేతికి వచ్చే స్థానాలు, నిర్ణయాలు తీసుకునే స్థానాలు ఇవే. సొమ్మంతా చల్లుకుంటూ పోకుండా, ఆటకు మెదడు వంటి స్థానాలకు దానిని పరిమితం చేశారన్నమాట.

ఇందుకు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. దేశంలోనే అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకరైన గ్రెగ్ ఇంగ్లిస్ సౌత్ సిడ్నీకి తరలిపోయారు. బ్రెట్ వైట్ కాన్‌బెర్రాకు, ఎయిడెన్ టోల్‌మన్ కాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌కు వెళ్లారు. ర్యాన్ హాఫ్‌మన్, జెఫ్ లీమా, బ్రెట్ ఫించ్ ఏకంగా సముద్రాలు దాటి ఇంగ్లండ్‌లోని విగన్ క్లబ్బులో చేరారు. ఈ చేరిక యాదృచ్ఛికం కాదు. అప్పట్లో విగన్ కోచ్‌గా ఉన్న మైకేల్ మగ్వైర్ అంతకుముందు మెల్‌బోర్న్‌లో బెల్లమీకి సహాయకుడు. తాను దగ్గరుండి చూసినవారినే ఆయన ఎంచుకున్నారు. 2011లో విగన్ ఛాలెంజ్ కప్ గెలవగా, ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడి పురస్కారం లీమాకే దక్కింది. ఒక క్లబ్బు వదులుకున్న బలం మరో క్లబ్బుకు భాగ్యమైంది.

అక్కరలేనివారే అక్కరకు వచ్చారు

ఖాళీ అయిన స్థానాలను స్టార్మ్ ఎలా నింపుకున్నదన్నది ఈ కథలో కెల్లా గమనించదగిన అంశం. పేరుప్రఖ్యాతులున్నవారిని కొనే స్తోమత లేదు. కనుక ఇతర క్లబ్బులలో పూర్తిగా వినియోగపడని, ధర తక్కువ పలికే ఆటగాళ్లపై దృష్టి సారించింది. మూడు క్లబ్బులు తిరిగి ఎక్కడా స్థిరపడని బ్రయన్ నోరీ, పారమట్టా నుంచి వచ్చిన టాడ్ లోరీ అప్పటికే, 2010లోనే, జట్టులోకి చేరి ఉన్నారు. సౌత్ సిడ్నీ నుంచి జైమన్ లోవ్ వారికి తోడయ్యారు. వీరెవరూ పత్రికల పతాక శీర్షికలకెక్కినవారు కారు. వారిలో ఏ లోపం ఉన్నదని కాకుండా, వారు చేయగల ఒక్క పని ఏదన్నదే బెల్లమీ చూశారు. కొత్తగా చేరినవారిని ఒక వారంపాటు శరీరకష్టంతో కూడిన కూలిపనికి పంపడం ఆ క్లబ్బులో ఆనవాయితీ. ఆటకు వెలుపల మనిషి కష్టాన్ని ఎలా స్వీకరిస్తాడో తెలుసుకునేందుకు ఇంతకంటే చౌక అయిన పరీక్ష లేదు.

మరోవైపు సొంత నారును పెంచుకోవడంలో క్లబ్బు ఏమరుపాటు చూపలేదు. ఇంగ్లండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాకు వలస వచ్చిన గారెత్ విడప్, న్యూజీలాండ్‌కు చెందిన జెస్సీ బ్రామ్విచ్ ఇద్దరూ 2010లో, ఆ పాయింట్లు లేని సీజనులోనే, తొలిసారి బరిలోకి దిగారు. ఫలితానికి విలువలేని ఏడాది వారికి శిక్షణ కాలంగా ఉపకరించింది.

2011లో స్టార్మ్ పట్టికలో ప్రథమ స్థానంలో నిలిచినా, ఫైనల్‌కు ముందు మెట్టులో వారియర్స్ చేతిలో 20-12 తేడాతో ఓడిపోయింది. 2012కు విగన్ నుంచి హాఫ్‌మన్, రగ్బీ యూనియన్ నుంచి విల్ ఛాంబర్స్ తిరిగి వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబర్ 30న జరిగిన తుది పోరులో కాంటర్‌బరీని 14-4 తేడాతో ఓడించి స్టార్మ్ కిరీటం గెలుచుకుంది. ఆనాటి పదిహేడు మందిలో స్మిత్, క్రాంక్, స్లేటర్‌లతో పాటు నోరీ, లోరీ, లోవ్, విడప్, బ్రామ్విచ్ ఉన్నారు. ఈసారి లెక్కలు ఒకే రకంగా ఉన్నాయి.

మన లీగ్‌లకు వర్తించేదేమిటి?

మెల్‌బోర్న్ అనుభవాన్ని మన తెలుగు నేలకు చెందిన రెండు ఫ్రాంచైజీల లెక్కలతో పోల్చి చూడటం అసందర్భం కాదు. 2023లో ప్రొ కబడ్డీ పదో సీజను వేలంలో ఒక్కో జట్టు 5 కోట్ల రూపాయల లోపు ఖర్చు చేయాలి. అందులో సగానికి పైగా, 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలను తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ ఒక్కరికే వెచ్చించింది. ఆయన వ్యక్తిగతంగా రాణించినా జట్టు 22 మ్యాచ్‌లలో రెండింట మాత్రమే గెలిచి ఆఖరి స్థానంతో సరిపెట్టుకుంది. అదే టైటాన్స్ 2025 సీజనుకు పవన్ లేకుండా, విజయ్ మలిక్ నాయకత్వంలో, భరత్ హుడా వంటివారితో బరిలోకి దిగింది. ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో పుణేరి పల్టన్ చేతిలో ఓడిపోయింది. ధర తగ్గింది, బలం పెరిగింది.

ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ 2025 సీజనుకు క్లాసెన్, కమిన్స్, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్, విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డిలను అట్టిపెట్టుకునేందుకు 120 కోట్లలో 75 కోట్లు కేటాయించింది. మిగిలిన జట్టుకంతటికీ దక్కినది 45 కోట్లు. అంతకుముందు ఏడాది ఫైనల్ ఆడిన జట్టు ఈసారి ఆరో స్థానంలో నిలిచింది. మేటి ఆటగాళ్లను ఉంచుకోవడం తప్పు కాదు. స్టార్మ్ చేసినదీ అదే. అయితే వారి చుట్టూ నిలిచేవారిని వెతకడంలో చూపిన శ్రద్ధే ఆ క్లబ్బును నిలబెట్టింది. దూలాలు ఎంత బలమైనవైనా వాసాలు లేకుండా ఇల్లు నిలవదు కదా!

ఆటగాడి మాటకు విలువ

ఇక్కడ ఒక ముఖ్య వ్యత్యాసాన్ని విస్మరించరాదు. ఆస్ట్రేలియాలో ఆటగాడు తన క్లబ్బును తానే ఎంచుకుంటాడు. ఆటగాళ్లను క్లబ్బులకు వంతులవారీగా కేటాయించే పద్ధతిని అక్కడి లీగ్ ప్రవేశపెట్టినప్పుడు ఆటగాళ్లు కోర్టుకెక్కారు. అది ఉపాధి స్వేచ్ఛకు అనుచిత ఆటంకమని ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం 1991లో కొట్టివేసింది. వేతన పరిమితి మిగిలింది గాని, మనిషిని ఎక్కడికి పంపాలో నిర్ణయించే అధికారం మిగలలేదు. ఇంగ్లిస్ అయినా, హాఫ్‌మన్ అయినా వెళ్లవలసి వచ్చినప్పుడు ఎక్కడికన్నది తామే నిర్ణయించుకున్నారు.

మన వేలంలో ఆ వెసులుబాటు లేదు. కనీస ధర చెప్పి పేరు నమోదు చేసుకునే వరకే ఆటగాడి ఇష్టం. ఆపైన సుత్తి దెబ్బదే నిర్ణయం. తన ఫ్రాంచైజీకి తెలియకుండా మరో ఫ్రాంచైజీతో మంతనాలు సాగించారన్న కారణంపై రవీంద్ర జడేజాను 2010 సీజను మొత్తానికీ నిషేధించారు. స్టార్మ్ శిక్షకు గురైనదీ అదే సంవత్సరం. అక్కడ క్లబ్బు తన లెక్కలకు దండన పొందగా, ఇక్కడ ఆటగాడు తన బేరానికి దండన పొందాడు. వృత్తి స్వేచ్ఛను నిరోధించే ఒప్పందాలు చెల్లవని 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతున్న విషయాన్ని లీగ్ నిర్వాహకులు గుర్తుంచుకోవడం మంచిది.

పరిమితి కట్టినంత మాత్రాన సమానత్వం రాదనడానికి ఆస్ట్రేలియా చరిత్రే సాక్ష్యం. 2002లో బుల్‌డాగ్స్ క్లబ్బుకు ఇదే నేరంపై 37 పాయింట్లు కోత పడింది. ఆ హెచ్చరిక స్టార్మ్‌ను ఆపలేదు. స్టార్మ్ పతనాన్ని కళ్లారా చూసిన పారమట్టా సైతం 2016లో 12 పాయింట్లు పోగొట్టుకుంది. అయితే ఒక్క సంగతి ఒప్పుకోక తప్పదు. అక్కడ ఒప్పందాలను తనిఖీ చేసే ప్రత్యేక అధికారి ఉన్నారు. తేలిన తప్పును ప్రజల ముందు పెట్టారు. ఎంతటి క్లబ్బునైనా శిక్షించారు. కోట్ల రూపాయల వేలాన్ని టెలివిజన్‌లో చూపి మురిసిపోతున్న మన లీగ్‌లు, వేలం ముగిశాక చేతులు మారే సొమ్మును తనిఖీ చేసే వ్యవస్థనూ అంతే బాహాటంగా చూపగలగాలి. అభిమాని టిక్కెట్టు కొనేది న్యాయమైన పోటీని చూడటానికి. ఆ నమ్మకం పోయిన నాడు ఏ వేలంలోనూ దాన్ని తిరిగి కొనలేరు.