‘క్రైస్ట్ ఇల్యూజన్’: సీడీలు పోయాయి, ప్రశ్న మిగిలింది

శాంతిపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎందరో యువకులు కుప్పం వెళ్లి బెంగుళూరు రైలెక్కుతారు. కొందరు సాయంత్రానికి ఇల్లు చేరతారు. కొందరు అక్కడే గది తీసుకుని పండుగలకు మాత్రమే వస్తారు. అలా వచ్చిన ఒక కుర్రవాడి గురించి అతని తండ్రి ఈ మధ్య మాతో చెప్పుకున్నాడు. కొడుకు వేసుకున్న నల్ల టీషర్టు మీద పుర్రె బొమ్మ, కింద ‘స్లేయర్’ అనే పేరు. అదేమిటో తెలియక పొరుగింటి పిల్లలను అడిగితే, వాళ్లు ఫోన్‌లో ఆ బృందం ఆల్బమ్ అట్టను చూపించారట. దాని మీద ప్రభువును చిత్రించిన తీరు చూసి ఆయన ఆ రాత్రి అన్నం ముట్టలేదు. “ఆ చొక్కా కాల్చేద్దామా అయ్యగారూ? పిల్లోడిని ఇంటికి రావద్దందామా? ఏం జేసేది?” అని అడిగాడు.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. ఆ ఆల్బమ్ విషయంలో మన దేశపు క్రైస్తవులు ఒకసారి ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నారు. అప్పుడేం జరిగిందో తెలుసుకుంటే ఇప్పుడేం చేయాలో ఆలోచించడం కొంత తేలికవుతుంది.

ఏమిటీ ఆల్బమ్?

స్లేయర్ అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన హెవీ మెటల్ బృందం. ఈ సంగీతం 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల నగరంలో పుట్టింది. దానికి ఆద్యులుగా చెప్పుకునే బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటార్ వాయించే టోనీ అయోమీ, రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ యంత్రంలో చేయి పడి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ తొడుగులు తానే చేసుకుని మళ్లీ వాయించాడు. తర్వాత తీగల బిగువు తగ్గించి వాయించడంతో ఆ బరువైన, చీకటి ధ్వని ఇంకా చిక్కబడింది. స్లేయర్ దానికి విపరీతమైన వేగాన్ని జోడించింది.

వారి ‘క్రైస్ట్ ఇల్యూజన్’ ఆల్బమ్ 2006 ఆగస్టులో విడుదలైంది. క్రీస్తు ఒక భ్రమ అన్న అర్థం ఆ పేరులోనే ధ్వనిస్తుంది. చేతులు తెగిన క్రీస్తు నెత్తుటి మడుగులో నిలబడినట్టు, చుట్టూ తలలు తేలుతున్నట్టు లారీ కారొల్ అనే చిత్రకారుడు అట్ట గీశాడు. లోపల పది పాటలు. వాటిలో కొన్ని క్రైస్తవ విశ్వాసాన్ని సూటిగా ఎగతాళి చేస్తాయి. మరికొన్ని యుద్ధాన్ని గురించినవి. యుద్ధం నుంచి తిరిగొచ్చినా ఆ దృశ్యాలు కళ్ల ముందు నుంచి తొలగని సైనికుడి మీద రాసిన ‘ఐస్ ఆఫ్ ది ఇన్సేన్’ అనే పాటకు 2007లో గ్రామీ అవార్డు వచ్చింది. ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో అయిదో స్థానంలో అడుగుపెట్టింది.

ఇంకో విచిత్రం. ఈ పాటలు పాడిన టామ్ అరాయా చిలీలో పుట్టిన క్యాథలిక్కు. విశ్వాసాన్ని తిట్టే సాహిత్యాన్ని ఎక్కువగా రాసింది గిటారిస్టు కెర్రీ కింగ్, అతను నాస్తికుడు. నేను నమ్మేది వేరు, పాడేది వేరు అన్నట్టుగా అరాయా నడుచుకున్నాడు. మనకది సమాధానంగా అనిపించకపోవచ్చు. మాకూ అనిపించలేదు.

మన దేశంలో ఏమైంది?

ముంబయిలోని క్యాథలిక్ సెక్యులర్ ఫోరం ఈ అట్ట మీద, పాటల మీద అభ్యంతరం చెప్పి పోలీసు కమిషనరుకు వినతిపత్రం ఇచ్చింది. 2006 అక్టోబరులో ఈఎమ్‌ఐ సంస్థ భారతదేశంలోని సీడీలను వెనక్కి తెప్పించి నాశనం చేసినట్టు, మళ్లీ విడుదల చేసే ఆలోచన లేనట్టు ప్రకటించింది. ఒక్క రాయి పడలేదు, ఒక్క దుకాణం పగలలేదు. నొచ్చుకున్నవారు కాగితం మీద తమ మాట రాసిచ్చారు. అది పౌరులుగా వారి హక్కు. ఆ మర్యాదను మేము గౌరవిస్తాం.

కానీ తర్వాత? 2012 అక్టోబరులో అదే స్లేయర్ బెంగుళూరుకు వచ్చి కచేరీ చేసింది. ఈ రోజు ఆ పాటలు వినాలనుకునేవాడికి సీడీ దుకాణంతో పనే లేదు, జేబులో ఫోను చాలు. నాశనమైంది ప్లాస్టిక్. పాట ఎక్కడికీ పోలేదు.

అదే ఏడాది మన రాష్ట్రంలోనూ ఇలాంటిదే జరిగింది. ‘ది డా విన్సీ కోడ్’ చిత్రాన్ని 2006 జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నెలలోనే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. ఇతరుల మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించడం నేరమని చెప్పే 295ఎ సెక్షన్ 1927లో, బ్రిటిష్ వారి కాలంలో శిక్షాస్మృతిలో చేరింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్. మనం దాన్ని మన రక్షణ అనుకుంటాం. కానీ సువార్త చెప్పడమే తమ మతాన్ని అవమానించడమంటూ ఫిర్యాదు వస్తే, పాస్టర్ల మీద నమోదయ్యేదీ అదే సెక్షన్. మన మనసు నొచ్చిందని పాట ఆపమని అడిగేటప్పుడు, రేపు మన కరపత్రం చూసి మనసు నొచ్చిందని మరొకరు అంటారని గుర్తుంచుకోవాలి.

ఎఫెసులో రెండు గుంపులు

అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. అక్కడ మాంత్రిక విద్యల పుస్తకాలు కాల్చిన సంగతి ఉంది. వాటి వెల 50,000 వెండి రూకలు. మంటల గురించి మాట్లాడే మనం ఒక విషయం మరచిపోతుంటాం. ఆ పుస్తకాలు కాల్చినవారివే. పౌలు ఎవరి ఇంటి మీదకీ పోయి లాక్కురాలేదు. మనసు మారినవారు తమంతట తామే తెచ్చి వేశారు.

అదే అధ్యాయంలో రెండో గుంపు ఉంది. తమ దేవతకు అవమానం జరిగిందని కంసాలి దేమేత్రి రెచ్చగొట్టిన జనం రెండు గంటలపాటు అరిచారు. అసలు ఎందుకు చేరామో చాలామందికి తెలియదు. చివరికి పట్టణపు కరణం లేచి, ఫిర్యాదు ఉంటే న్యాయసభలున్నాయని చెప్పి వారిని ఇళ్లకు పంపాడు. ఆ రోజు నొచ్చుకున్న గుంపు వారిది, దెబ్బలు తినబోయినవారు మనవారు. మనం ఏ గుంపులా నడుచుకోవాలో ఆ అధ్యాయమే చెబుతోంది.

శబ్దమే పాపమా?

పెద్ద చప్పుడు గల పాటంతా సాతానుదే అని తేల్చేయడం కూడా సరికాదు. ‘స్ట్రైపర్’ అనే మెటల్ బృందం తన పేరును యెషయా గ్రంథం యాభై మూడో అధ్యాయంలోని గాయాలకు ముడిపెట్టుకుంది. కచేరీల్లో కొత్త నిబంధన ప్రతులను జనంలోకి విసిరేది. 1986లో వచ్చిన వారి ఆల్బమ్ అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మన పురుషోత్తమ చౌధరి కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కూర్చారు. రాగం పాత్ర లాంటిది. అందులో ఏం పోశారన్నదే చూడాలి. ‘క్రైస్ట్ ఇల్యూజన్’లో పోసినది చేదు, ఆ మాట చెప్పడానికి మేము వెనుకాడం.

అయితే ఆ చేదును ఒక కుర్రవాడు ఎందుకు తాగుతున్నాడో అడగకుండా పాత్ర పగలగొడితే లాభమేమిటి? గదిలో ఒంటరితనమా, పని ఒత్తిడా, సంఘంలో ఎవరో అన్న మాటా, లేక స్నేహితుడు ఇచ్చిన చొక్కా వేసుకున్నాడంతేనా? చొక్కా చూసి అది తెలియదు. అడిగితేనే తెలుస్తుంది.

అందుకే ఆ తండ్రికి మేము చెప్పింది ఇది. చొక్కా కాల్చవద్దు. తలుపు మూయవద్దు. అట్ట చూసి నీకు కలిగిన బాధను దాచుకోకుండా వాడికి చెప్పు, అది వాడికీ తెలియాలి. ఆ తర్వాత, ఇందులో నీకేం నచ్చింది నాయనా అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకు. ఒక్క రోజులో తేలుతుందని మేము మాట ఇవ్వలేం. కానీ పండుగకు ఇల్లు గుర్తొచ్చి రైలెక్కి వచ్చిన కొడుకు వాడు. వచ్చే పండుగకూ వాడు కుప్పంలో దిగి ఇంటికి రావాలి.