ఫోన్ ఇచ్చే ప్రయాణ సలహా పనికొస్తుందా?

కొత్త ఊరికి వెళ్లాలంటే ముందు వెళ్లొచ్చినవాళ్లను అడుగుతాం. ఏ బస్సు ఎక్కాలి? గది ఎంతకు దొరుకుతుంది? ఈ సంగతులన్నీ ఇప్పుడు ఫోన్ కూడా చెబుతోంది. "ఈ లాడ్జి బాగుంటుంది" అని సలహా ఇస్తోంది.

ఫోన్‌కు ఇదంతా ఎలా తెలుసు? అక్కడ దిగినవాళ్లు స్టార్లు ఇస్తారు, నాలుగు మాటలు రాస్తారు. మనం ఏం వెతికామో కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది. ఇవన్నీ లెక్కగట్టి ఒక పట్టీ చూపిస్తుంది. డబ్బు కట్టిన లాడ్జి పేరు కూడా పట్టీలో పైకి రావచ్చు. అందుకే పైన ఉన్నదల్లా మంచిదని అనుకోకూడదు.

మరి ఆ సలహా పనికొచ్చేదేనా? తేల్చుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో ఒక పద్ధతి చెప్పింది. 2018లో దాన్ని సవరించింది. అందులో ముఖ్యమైనవి మూడు సంగతులు.

ఒక కుటుంబం తిరుమల వెళుతోందనుకుందాం. వెంట మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఉంది.

మొదటిది: అనుకున్న పని అయిందా? "గుడికి దగ్గర" అని ఫోన్ ఒక లాడ్జి చూపించింది. తీరా చూస్తే అది కొండ కింద తిరుపతిలో ఉంది. కొన్ని సైట్లు దూరాన్ని తిన్నగా గీత గీసినట్టు కొలుస్తాయి. కానీ మనిషి గీత మీద పోడు, ఘాట్ రోడ్డు మీద పోతాడు. ఆ దారి సుమారు 20 కిలోమీటర్లు. లిఫ్టు ఉందో లేదో కూడా తెలియకపోతే ఆ సలహా అవ్వకు పనికిరాదు.

రెండోది: ఎంత శ్రమ పట్టింది? తెలుగులో ఉందా? అక్షరాలు కనబడుతున్నాయా? మొత్తం ఖర్చు ముందే చెప్పిందా, చివర్లో పన్నులు కలిపిందా?

మూడోది: తృప్తి కలిగిందా? ఆ లాడ్జినే ఎందుకు చూపిందో కారణం చెప్పిందా? వద్దంటే ఇంకొకటి చూపిందా?

నిపుణులు దీన్ని ఎలా పరీక్షిస్తారు? ఒక మనిషికి ఫోన్ ఇచ్చి, "గది వెతకండి" అంటారు. మధ్యలో సాయం చేయరు. వేలు ఎక్కడ ఆగిందో రాసుకుంటారు. అయిదుగురిని ఇలా చూస్తే చాలా లోపాలు బయటపడతాయని యాకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లో రాశాడు. అయితే ఆ అయిదుగురూ పట్నంలో చదువుకున్నవాళ్లే అయితే అవ్వ కష్టం ఎవరికి తెలుస్తుంది? కొత్తగా చదువు నేర్చినవాళ్లూ అందులో ఉండాలి. నలుగురు ఒకేచోట తికమక పడితే తప్పు వాళ్లది కాదు. తయారుచేసిన తీరుది.

దొంగ పొగడ్తలూ ఉంటాయి. వాటిని అరికట్టడానికి భారత ప్రమాణాల సంస్థ 2022లో నియమాలు తెచ్చింది. అప్పుడు అవి ఇష్టమైతే పాటించేవే. కాబట్టి మన జాగ్రత్త మనదే. స్టార్లు ఎన్నో కాదు, ఎంతమంది ఇచ్చారో చూడాలి. తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవాలి. డబ్బు కట్టేముందు లాడ్జికి ఫోన్ చేసి అడగాలి. తిరుమల కొండ మీద గదులకు దేవస్థానం వారి సొంత సైటు ఉంది. దాన్ని పోలిన దొంగ సైట్లున్నాయి, పేరు అక్షరం అక్షరం చదవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

చేసి చూడండి
1. మీ ఫోన్‌లో ఒక ఊరు వెతకండి. ఎక్కడ ఆగిపోయారు?
2. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ సలహా సరిపోతుందా? ఎందుకు?