రాగిరేకులును మాంసకృత్తులును

జీవకణమునందు మాంసకృత్తు లేర్పడు విధమును బాలురకు బోధించుటకుఁ దిరుమలయందే తగిన యుపమానము గలదు. తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిరేకులపైఁ జెక్కఁబడి యాలయ భాండారమున భద్రపఱుపఁబడినవి. కేంద్రకమును వీడని డీఎన్ఏ యట్టి రేకు, దానిం జూచి వ్రాసికొనిన ప్రతి ఆర్ఎన్ఏ, ఆ ప్రతినిఁ జదివి పాడు గాయకుఁడు రైబోసోము, పాటయే మాంసకృత్తు.

ఛందస్సున గురులఘువులను మూఁడేసిగాఁ గూర్ప 8 గణము లగును. డీఎన్ఏ లిపియందు అక్షరములు 4. రెండేసిగాఁ గూర్ప నగు 16 గణములు 20 అమైనో ఆమ్లములకుఁ జాలవు. మూఁడేసిగాఁ గూర్ప 64 గణములు. అందు 61 ఆమ్లములను దెలుపును, 3 విరామమును సూచించును.

వ్రాఁతప్రతిలోని తప్పు ఆ ప్రతితోనే పోవును. రేకులోని తప్పు ప్రతులన్నిటికిని సంక్రమించును. కొడవలికణ వ్యాధికి డీఎన్ఏలో నొక్క యక్షరము మాఱుటయే మూలము. అయిన నొక భేదము మఱువరాదు: గాయకుఁ డర్థ మెఱిఁగి తప్పును దిద్దుకొనును, రైబోసోము వ్రాసినట్లే చదువును.