కుక్క ఒంటికి మందు షాంపూ: అపోహలు – వాస్తవాలు

జూన్‌లో పట్టిన వాన సెప్టెంబరు దాకా వదలని ముంబైలో చాళ్ల, అంటే వరస గదుల పాత భవనాల, గోడలే ఆరవు, ఇక కుక్క బొచ్చు ఎక్కడ ఆరుతుంది? గ్రాంట్ రోడ్ పక్కన కామాఠీపురా గల్లీల్లో నడిస్తే చెవి అంచులు చెక్కు కట్టిన కుక్క, నడుము మీద బొచ్చు ఊడిన కుక్క, కూర్చున్నచోటే ఆగకుండా గోక్కునే కుక్క కనబడుతూనే ఉంటాయి. ఖోలీల్లో, అంటే ఆ చాళ్ల గదుల్లో, ముద్దుగా పెంచుకునే స్పిట్జ్‌లకూ, లాబ్రడార్లకూ ఇదే బాధ. అప్పుడు నలుగురూ ఇచ్చే సలహా ఒక్కటే: మెడికల్ షాపుకెళ్లి మందు షాంపూ తెచ్చి రుద్దండి. సలహా చెడ్డది కాదు. ఏ జబ్బుకు ఏ షాంపూ, ఎంతసేపు ఉంచాలి, ఎన్ని వారాలు వాడాలి అన్నది ఎవరూ చెప్పకపోవడంతోనే చిక్కు. మందు షాంపూ నిజంగానే మందు. దాన్ని ఒట్టి సబ్బుగా చూడటం ఒక తప్పు, సర్వరోగ నివారిణిగా చూడటం ఇంకో తప్పు.

అపోహ: బొచ్చు ఊడి దురద పెడుతోందంటే గజ్జే, షాంపూ పెడితే పోతుంది.

వాస్తవం: బొచ్చు ఊడి దురద పెట్టే జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో గజ్జి తెచ్చేది సార్కోప్టెస్ అనే పురుగు, అది చర్మం పైపొరలో సొరంగాలు తవ్వుతుంది. చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ల మడమలు ముందు పాడవుతాయి. చెవి అంచును మన వేళ్ల మధ్య రుద్దితే కుక్క వెనక కాలు దానంతటదే గోకినట్టు ఆడటం దీనికి ఒక గుర్తు. ఇది అంటుకుంటుంది. ఒకే ఖోలీలో కుక్కతో పాటు పడుకునే పిల్లల చేతుల మీదా, పొట్ట మీదా దురద పొక్కులు లేస్తే అనుమానించాల్సింది దీన్నే. కుక్క మీది ఆ పురుగు మనిషి ఒంటి మీద సాధారణంగా కాపురం పెట్టలేదు. కుక్కకు నయమైతే మనకూ తగ్గుతుంది.

డెమోడెక్స్ వేరు. ఆ పురుగు వెంట్రుక కుదుళ్లలో ఉంటుంది. పుట్టిన మొదటి రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు చేరుతుంది, ఆరోగ్యమైన కుక్కల్లోనూ కొద్దిగా ఉంటుంది, మనుషులకు అంటదు. కూన మూతి మీద, కంటి చుట్టూ ఒకటి రెండు చోట్ల బొచ్చు ఊడితే చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. ఒళ్లంతా పాకితేనే పెద్ద వైద్యం కావాలి.

ఈ రెండు పురుగుల్నీ షాంపూ చంపలేదు. ఇప్పుడు వీటికి వాడేది ఎక్కువగా నోటి మాత్రలు: ఫ్లురలానెర్, అఫోక్సోలానెర్ వంటివి. బరువును బట్టి మోతాదు ఉంటుంది, మూర్ఛలు వచ్చే కుక్కకు ఆలోచించి ఇవ్వాలి, కాబట్టి డాక్టరు రాయాల్సిందే. షాంపూ పని ఇక్కడ తోడు పని. చెక్కులు వదలగొట్టడం, పైన చేరిన చీము తగ్గించడం. డెమోడెక్స్‌లో బెంజాయిల్ పెరాక్సైడ్ షాంపూ వెంట్రుక కుదుళ్లను కడుగుతుంది కనుక దానికి ఎప్పటినుంచో చోటుంది.

మరి ఏ పురుగో ఎలా తెలుస్తుంది? డాక్టరు చర్మాన్ని వేళ్లతో నొక్కిపట్టి, మొద్దు బ్లేడుతో సన్నగా నెత్తురు చెమర్చేదాకా గీకుతారు. ఆ గీకుడు పొడిని గాజు పలక మీద నూనె చుక్కలో కలిపి మైక్రోస్కోప్ కింద పెడతారు. డెమోడెక్స్ ఉంటే చుట్ట ఆకారంలో, పొట్టి కాళ్లతో కదులుతూ కనిపిస్తుంది. కొన్ని నిమిషాల పని. ఈ పరీక్ష చేయించకుండా మూడు నాలుగు సీసాలు మార్చేవాళ్లు డబ్బూ కాలమూ రెండూ పోగొట్టుకుంటారు.

అపోహ: షాంపూ పైపై పూత. అసలు వైద్యమంటే ఇంజక్షన్, యాంటీబయాటిక్ మాత్రలే.

వాస్తవం: పై అపోహకు ఇది సరిగ్గా ఎదురు అపోహ, దీనివల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. కుక్క చర్మం మీద మామూలుగానే స్టెఫిలోకాకస్ సూడింటర్‌మీడియస్ అనే బాక్టీరియా ఉంటుంది. తడి వల్లో, అలర్జీ వల్లో చర్మం బలహీనపడితే అది చెలరేగి చిన్న చిన్న చీము పొక్కులు, గుండ్రటి పొట్టు మచ్చలు వస్తాయి. ఇలాంటి పైపొర ఇన్‌ఫెక్షన్‌కు క్లోర్‌హెక్సిడిన్ షాంపూ, ద్రావణం ఒక్కటే వాడినా మాత్రలంత బాగా పనిచేసిందని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. 2025లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా పైపొర ఇన్‌ఫెక్షన్‌కు ముందు పైపూత మందులే వాడమంటున్నాయి, మాత్రలు లోతు పుండ్లకూ, పైమందుకు లొంగనివాటికీ. ఆ మాటకు గట్టి కారణముంది. మాత్రలు తరచూ వాడితే మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. పదడుగుల గదిలో కుక్కతో కలిసి బతికే కుటుంబానికి అది దూరపు ముచ్చట కాదు.

వానాకాలంలో ఎక్కువయ్యే ఇంకో బాధ మలసీజియా అనే ఈస్టుది. మెడ కింద, చంకల్లో, కాలి వేళ్ల మధ్య చర్మం జిడ్డుగా, నల్లగా మారి పుల్లటి ముక్క వాసన వేస్తుంది. దీనికి 2 శాతం మైకోనజోల్, 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కలిసిన షాంపూ వారానికి రెండుసార్లు పెట్టడం బాగా రుజువైన వైద్యం. కనీసం ఈ రెండు జబ్బుల్లో షాంపూయే ముఖ్యమైన మందు, కాబట్టి డాక్టరు షాంపూ మాత్రమే రాసిచ్చారని చిన్నబుచ్చుకోకండి.

అపోహ: నురగ రాగానే కడిగేయొచ్చు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. మందు చర్మానికి పట్టాలంటే నురగ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, గడియారం చూసి పది నిమిషాలు. రెండు నిమిషాలకే కడిగేసి షాంపూ పనిచేయలేదంటే నేరం షాంపూది కాదు. నల్లా వచ్చేదే కొద్దిసేపు, కుక్కకు అన్ని నీళ్లెక్కడివి అంటారు. ఆ పది నిమిషాలకు చుక్క నీరు అక్కర్లేదు. మోరీలో, అంటే గదిలో స్నానం చేసే మూలలో, నిలబెట్టి ముందు ఒళ్లంతా బాగా తడపండి, షాంపూను కొద్ది నీళ్లలో కలిపి బొచ్చును పాయలుగా విడదీస్తూ చర్మానికి తగిలేలా రుద్దండి. ముందు జబ్బు ఉన్నచోట మొదలుపెట్టాలి, కడగడం చివర అక్కడే. తర్వాత నల్లా కట్టేసి, కుక్కను నాకనివ్వకుండా ఒకరు పట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చోవాలి. కడిగేటప్పుడు మాత్రం పొదుపు వద్దు, నురగ మిగిలితే దురద పెడుతుంది. వేణ్నీళ్లు వద్దు, దురద ఎక్కువవుతుంది. కంట్లో పడకూడదు, చెవి రంధ్రంలోకి అసలే పోకూడదు. కర్ణభేరి చిల్లు పడి ఉంటే క్లోర్‌హెక్సిడిన్ లోపలికి వెళ్లి వినికిడి పోగొట్టగలదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మామూలు సబ్బు క్లోర్‌హెక్సిడిన్ బలాన్ని చంపేస్తుంది. మురికి ఉందని ముందు సబ్బు రుద్దితే దాన్ని పూర్తిగా కడిగాకే మందు షాంపూ పెట్టాలి. చివర్లో తువ్వాలుతో ఒత్తి, కాలి వేళ్ల మధ్య కూడా ఆరబెట్టాలి. తడి కుక్కను గ్యాలరీలో కట్టేసి వదిలేస్తే ఈస్టుకు మళ్లీ మేత వేసినట్టే.

అపోహ: షాంపూ పెడితే పిడుదులు రావు.

వాస్తవం: ఆ రోజు ఒంటి మీదున్న పిడుదుల్లో, మన పెద్దలు గోమార్లు అనే వాటిలో, కొన్ని పోతాయి, అంతే. కడిగేశాక మందు నిలవదు. కుక్కల పిడుదు ఇంట్లోనే బతకగలదు. నెత్తురు తాగి ఉబ్బిన ఆడది గోడ పగుళ్లలోకి పాకి వేల గుడ్లు పెడుతుంది. పాత చాళ్ల గోడలకూ, చెక్క మెట్ల సందులకూ కొదవేముంది? ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు కుక్కలకు ఎక్కువగా వచ్చేది దీని కాటుతోనే, వాటిలో ప్రాణం పోవచ్చు. వారాల తరబడి నిలిచే మాత్రో, మెడ మీద వేసే చుక్కల మందో కావాలి. చుక్కల మందు వేసే ముందూ తర్వాతా రెండేసి రోజులు షాంపూ పెట్టకండి.

అపోహ: కిరోసిన్, బండి నుంచి తీసిన నల్ల ఆయిల్ పూస్తే గజ్జి చస్తుంది. ఫినాయిల్, డెటాల్ నీళ్లతో కడిగితే క్రిములు పోతాయి.

వాస్తవం: దయచేసి చేయకండి. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, నాకితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంజన్ ఆయిల్‌లో విష లోహాలుంటాయి. ఫినాయిల్ నేల తుడిచేందుకు చేసినది. కుక్క తన ఒళ్లు తాను నాక్కుంటుంది కనుక ఒంటికి పూసిందల్లా కడుపులోకి పోతుందని లెక్క. గంధకం పూయమనే చిట్కాలో మాత్రం కొంత నిజముంది, సున్నంతో కలిపి తయారుచేసిన గంధక ద్రావణాన్ని పశువైద్యులు గజ్జికీ తామరకూ ఇప్పటికీ వాడతారు. కానీ అది కొలత ప్రకారం చేసిన మందు.

పశువుల పిడుదులకు అమ్మే అమిట్రాజ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. మోతాదు తప్పితే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె కొట్టుకోవడం తగ్గుతుంది. కుక్కల పెర్మెత్రిన్ షాంపూలు, తారు షాంపూలు పిల్లులకు విషం. చాళ్లలో కుక్కా పిల్లీ ఒకే గ్యాలరీలో తిరుగుతాయి కాబట్టి ఇది మరింత గుర్తుంచుకోవాలి.

మనకు చర్మం పాడైతే రాసుకునే మూడు మందులు కలిసిన క్రీములు కూడా పూయకండి. వాటిలోని స్టెరాయిడ్ రెండు రోజులు దురద అణచి, లోపల తామరనూ డెమోడెక్స్‌నూ పెంచుతుంది. మనుషుల చుండ్రు షాంపూ సంగతి వేరు. 2 శాతం కీటోకొనజోల్ ఉన్నదాన్ని డాక్టర్లే ఒక్కోసారి రాస్తారు. వాళ్లు చెబితే వాడండి, మీకు మీరుగా వద్దు.

వీధి కుక్కల సంగతి కూడా చెప్పాలి. గల్లీలో అన్నం పెట్టే అమ్మలు చాలామంది ఉన్నారు. అలవాటు లేని కుక్కను పట్టి స్నానం చేయించబోతే కరుస్తుంది, అది రేబిస్ ప్రమాదం. దాని ఫోటో, అంచనా బరువు డాక్టరుకు చూపించి, ఆయన రాసిన మాత్రను అన్నం ముద్దలో పెట్టడమే మేలు.

పరేల్‌లో బాయి సాకర్‌బాయి దిన్షా పెటిట్ జంతువుల ఆసుపత్రి 1880ల నుంచి ఉంది. ఆ ఆవరణలోనే 1886లో మొదలైన బాంబే వెటర్నరీ కాలేజీ ఉంది. మహాలక్ష్మిలో టాటా ట్రస్టుల జంతువుల ఆసుపత్రిని 2024లో తెరిచారు. రెండు చోట్లూ కామాఠీపురాకు దగ్గరే. కొత్త సీసా కొనే ముందు ఒక్కసారి కుక్కను తీసుకెళ్లి చర్మం గీకించి చూపించండి. డాక్టరు ఏ షాంపూ రాసినా వారానికి ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అని అడిగి చీటీ మీద రాయించుకోండి. బొచ్చు మొలవడం మొదలైందని మధ్యలో ఆపకండి, మళ్లీ చూపించాకే ఆపండి.