రైతునకు తగిన కావలికుక్క

ఎద్దును కొనునపుడు మనము పండ్లు చూతుము, సుడులు చూతుము, నాలుగడుగులు నడిపించి చూతుము. కుక్కపిల్లను తెచ్చుకొనునపుడు మాత్రము రంగును, బొచ్చును చూచి మురిసిపోవుదుము. దీనివలన కలుగు కీడు చిన్నది కాదు. ఒక రైతు తన చెఱకుతోటకు కావలియని దట్టమైన బొచ్చుగల సీమజాతి కుక్కను అధికమైన వెలకు కొనెను. వైశాఖపుటెండలో అది రొప్పుచు నీడను విడువదాయెను. పగలెల్ల గొలుసున నుండుటచే కోపిష్ఠియై, తుదకు కూలికి వచ్చిన యొకామె బిడ్డను కఱచెను. తప్పు కుక్కది కాదు, ఎన్నుకొన్నవానిది.

కావున జాతిపేరు అడుగుటకు ముందు రైతు తన్ను తాను మూడు ప్రశ్నలు అడుగుకొనవలెను. దానికి నేనీయబోవు పని యేది? దినమునకెంతసేపు దానిని విప్పి తిప్పగలను? దాని తిండికిని వైద్యమునకును ఏటేట వ్యయము భరింపగలనా?

ఇంటికిని, కళ్లమునకును, వేరుసెనగ చేనికిని కావలి కావలెనన్న మన నాటుకుక్కయే చాలును. దాని పొట్టి వెండ్రుకలు మన యెండకు తగినవి. సంగటి, మజ్జిగ, అప్పుడప్పుడొక గ్రుడ్డుతో అది చక్కగా పెరుగును. అలికిడి వినినంతనే మొరుగును. కావలికి వలసినది మొరుగుటయే గాని కఱచుట కాదు. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతమందలి పందికోన కుక్కలు కావలికి పేరొందినవి. కొల్లేటి ప్రాంతపు జోనంగి కుక్కలు బాతుల మందలను కాయుచుండెడివి. ఏ సీమలో పుట్టినది ఆ సీమ పనికి అలవడుట సహజము.

తమిళదేశపు రాజపాళయము కుక్క తెల్లనిది, ధైర్యశాలి. కాని క్రొత్తవారిని సహింపదు. చుట్టును గోడగల ఒంటరి మామిడితోటకు తగును గాని, కూలీలును బిడ్డలును నిత్యము వచ్చిపోవు ఇంటికి తగదు. ఈ జాతిలో కొన్ని పిల్లలు చెవిటివిగా పుట్టును గనుక వెనుకనుండి చప్పట్లు కొట్టి చూచి మఱి కొనుడు. చిప్పిపారై, ముధోలు జాతులు మిక్కిలి వేగముగల వేటకుక్కలు. పరుగునకు చోటులేని యింట వానిని కట్టివేయుట హింస. వానితో కుందేళ్లను వేటాడించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము.

ఏ జాతియైనను తల్లికుక్క గుణము చూచి పిల్లను కోరుకొనవలెను. ఎనిమిది వారములు నిండక మునుపు తల్లినుండి వేరుచేయరాదు.

అడవి చేరువనున్నవారు మఱియొకటి గమనింపవలెను. పలమనేరు, కుప్పము ప్రాంతములలో ఏనుగులు తిరుగుచోటికి కుక్కను వెంట కొనిపోరాదు. అది మొరిగి ఏనుగును రేపి, మరల యజమాని కడకే పరుగెత్తి వచ్చును. శేషాచలపుటంచున చిరుత కుక్కకై యూరిలోనికి వచ్చును గాన, రాత్రి దానిని గట్టి తలుపుగల పాకలో నుంచవలెను. మందలు గలవారు కోసిన గొఱ్ఱెల తలలను, ప్రేగులను పచ్చిగా కుక్కలకు వేయరాదు. వానినుండి కుక్కకు బద్దెపురుగులు కలిగి, వాని గ్రుడ్లు పచ్చికపై పడి, గొఱ్ఱెలు గిరగిర తిరిగి చచ్చు వ్యాధి వ్యాపించును.

అన్నిటికంటె ముఖ్యమైనది టీకా. పిచ్చికుక్కకాటు రోగలక్షణములు కనబడిన పిదప మనుష్యుడు బ్రదుకుట దాదాపు అసాధ్యము. పాశ్చరు పండితుడు 1885లో మనుష్యులకు టీకా వేసి మార్గము చూపెను. అయినను అశ్రద్ధచే నేటికిని జనులు చనిపోవుచున్నారు. పిల్లకు మూడవ నెలలో మొదటి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేట వేయించుచుండుడు. ఎవరినైన కుక్క కఱచినచో గాయమును సబ్బుతో ధారనీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, ఆకుపసరు పూయరాదు.

ఒకని కుక్కకు టీకా వేయించి పొరుగువాని కుక్కను విడిచిన ఊరికి రక్ష లేదు. నూటికి 70 కుక్కలకైన టీకా పడిననే వ్యాధి నిలుచును. ఇది ఒంటరిగా సాధింపరాని పని. సహకారమునకు తగిన పని. ప్రతి సంఘమును పశువైద్యుని పిలిపించి, ఒక్కదినమున ఊరి కుక్కలన్నిటికిని టీకా వేయించుగాక! మన వాకిట కావలియుండు జంతువునకు మనమును కావలి యుండవలెను గదా.