యంత్రము కొనేముందు లెక్క చూద్దాము

ఆ మధ్య ఒక సాయంత్రము మేమిద్దరము మాకు బాగా తెలిసిన ఒక వడ్రంగి కుటుంబాన్ని చూడటానికి వెళ్లాము. ఇంట్లో ఏదో మాట పట్టింపు జరిగిందని గుమ్మములోనే తెలిసిపోయింది. టీ తెచ్చిన సహోదరి తల ఎత్తలేదు. ఆమె భర్త తన సెల్‌ఫోను మా చేతికిచ్చి, "ఇది చూడండి అయ్యగారూ" అన్నాడు.

అందులో ఒక తెల్ల దొర చిన్న యంత్రమును చెక్క అంచుకు ఆనించి ముందుకు నెట్టాడు. రెండు క్షణాలలో చక్కని బెజ్జము పడింది. అందులో చిన్న చెక్క బిళ్ల దించి, రెండో చెక్కను దానికి తొడిగాడు. అతుకు పూర్తయింది.

"దీని ధర లక్షకు పైమాటేనట. వడ్డీకి ఇచ్చేవాళ్లు ఉన్నారు, తాకట్టుకు ఈమె గొలుసు ఉంది. ఆలస్యమైందని పోయిన నెల డైనింగ్ టేబుల్ ఆర్డరు పోయింది. అందరూ ముందుకు పోతుంటే నేను మా నాన్న ఉలి పట్టుకొని కూర్చోవాలా?" అని అడిగాడు.

"ఆ గొలుసు మా అమ్మ పెట్టింది, అమ్మగారూ" అని మాత్రము ఆ సహోదరి మెల్లగా అన్నది.

తెలియని సంగతిని గూర్చి సలహా చెప్పరాదు. "మాకు కొంత వ్యవధి ఇవ్వు తమ్ముడూ, తెలుసుకొని వస్తాము" అని చెప్పి లేచాము.

పాత అతుకు, కొత్త యంత్రము

రెండు చెక్కలను మేకు లేకుండా కలపటానికి మన వడ్రంగులు ఒక చెక్క కొనను నాలుకలా కోస్తారు. దానినే కుసి అంటారు. రెండో చెక్కలో దానికి సరిపడే బెజ్జము తొలుస్తారు. కుసిని చెక్కతో కలిపి కోయక విడిగా తయారు చేసి, రెండు చెక్కలలోనూ బెజ్జాలు తొలిచి మధ్యలో దించితే అది విడి కుసి అవుతుంది. ఇది నిన్న మొన్నటి పద్ధతి కాదు. టర్కీ తీరములో ఉలుబురున్ వద్ద సముద్రము అడుగున దొరికిన ఓడ సుమారు 3,300 ఏళ్ల నాటిది. దాని పలకలను ఇట్టి విడి కుసులతోనే కలిపారు.

ఈ పాత పనినే యంత్రముతో చేసేలా జర్మనీకి చెందిన ఫెస్టూల్ కంపెనీ 2000 దశకము మధ్యలో డొమినో అనే పరికరమును తెచ్చింది. దాని ముల్లు గిర్రున తిరుగుతూనే గడియారము లోలకములా కుడి ఎడమలకు ఊగుతుంది. అందుచేత గుండ్రని రంధ్రము కాక, పొడవుగా, చివరలు గుండ్రంగా ఉన్న బెజ్జము పడుతుంది. దానిలో దించే కుసులు బీచ్ కర్రతో తయారై వస్తాయి. చిన్న రకము బరువు మూడు కిలోల పైచిలుకు. దానికి 4 నుండి 10 మిల్లీమీటర్ల ముళ్లు పడతాయి. బెజ్జము లోతు 12 నుండి 28 మిల్లీమీటర్ల వరకు పెట్టుకోవచ్చు. 2011లో వచ్చిన పెద్ద రకము 70 మిల్లీమీటర్ల లోతు వరకు తొలుస్తుంది.

మా చేతులతో పట్టి చూశాము

చిన్ననాటి నుండి ఉలి, చిత్రిక మాకు కొంత అలవాటు. పట్టణములో ఫర్నిచర్ పని చేసే ఒక మిత్రుని వద్ద ఆ యంత్రము ఉన్నదని తెలిసి, రెండు రోజులు అతని షెడ్డులో గడిపాము.

మొదటి అతుకే చెడగొట్టాము. రెండు చెక్కలకూ పై ముఖము ఏదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలని అతడు చెప్పాడు. మేము తొందరపడి ఒక చెక్కను తిరగవేసి తొలిచాము. బిగించి చూస్తే ఒకటి రెండోదానికంటే రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా నిలిచింది. యంత్రము తప్పు చేయలేదు. మేము చూపిన తప్పునే కచ్చితంగా తొలిచింది!

మేము నేర్చుకొన్న సంగతులు ఇవి. మొదట చెక్కను చక్కగా చిత్రిక పట్టి, మూలమట్టముతో సరిచూడాలి. వంకర చెక్కను ఏ యంత్రమూ సరిచేయదు. కుసి మందము చెక్క మందములో సుమారు మూడవ వంతు ఉంటే చాలు. 18 మిల్లీమీటర్ల పలక ముఖములో 20 మిల్లీమీటర్ల లోతు పెడితే ముల్లు అవతలికి వస్తుంది. అక్కడ 30 మిల్లీమీటర్ల కుసికి పలక ముఖములో 12, ఎదురు చెక్క కొనలో 20 పెట్టుకోవాలి. ఒకే వరుసలో అనేక బెజ్జాలు ఉన్నప్పుడు మొదటిది కుసికి సరిగ్గా, మిగిలినవి కాస్త వెడల్పుగా తొలవాలి. అప్పుడు సర్దుకోవటానికి చోటు ఉంటుంది. యంత్రమును నెమ్మదిగా నెట్టాలి. జిగురు పూయకముందే ఒకసారి అంతా తొడిగి చూడాలి. ఆ తరువాతనే జిగురు, క్లాంపులు.

మరొక్క మాట. ధూళిని లాగే వాక్యూమ్ లేకపోతే బెజ్జము పొట్టుతో నిండి కుసి పూర్తిగా దిగదు. అంతకంటె ముఖ్యమైనది ఊపిరి. చెక్క ధూళి మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. కాబట్టి యంత్రము ధరతో పాటు వాక్యూమ్, ముళ్లు, కుసుల ఖర్చు కూడా కలుపుకోవాలి. కుసులను గట్టి చెక్క ముక్కలతో మనమే చేసుకోవచ్చు. ద్వారబంధాల వంటి బరువు పనికి మాత్రము చిన్న రకము కుసి చాలదు. అక్కడ ఉలితో తొలిచిన లోతైన బెజ్జమే మేలు.

కాగితము మీద లెక్క

తిరిగి వచ్చి ఆ దంపతులిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాము. లెక్క రాయటానికి కలము ఆ సహోదరి చేతికి ఇచ్చాము.

ఒక కుర్చీలో కూర్చునే పలక కింద నాలుగు పట్టీలు, అంటే 8 అతుకులు. ఆరు కుర్చీలకు 48. బల్లకు మరో 8. మొత్తము 56. అతడు చేతితో ఒక్కొక్క అతుకుకు అరగంట తీసుకొంటాడు, అంటే 28 గంటలు. యంత్రముతో గుర్తు పెట్టుకోవటముతో సహా అయిదు నిమిషాలు వేసినా అయిదు గంటల లోపే. ఒక సెట్టుకు మూడు రోజుల పని మిగులుతుంది. అతని రోజు కూలి వెయ్యి రూపాయల చొప్పున అది మూడు వేలు.

"తమ్ముడూ, ఇట్టి సెట్లు ఎన్ని వస్తున్నాయి?" అని అడిగాము.

కొంతసేపు మౌనంగా ఉండి, "రెండు నెలలకు ఒకటి అయ్యగారూ. మిగతావి తలుపులు, మంచాలు" అన్నాడు.

అంటే నెలకు మిగిలేది పదిహేను వందలు. లక్ష రూపాయలకు నూటికి రెండు రూపాయల చొప్పున నెల వడ్డీయే రెండు వేలు. అసలు అలాగే ఉంటుంది. ఆ అంకె రాసి సహోదరి కలము కింద పెట్టింది. "చూశారా" అని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె అనకపోవటమే మాకు ఎంతో గొప్పగా తోచింది.

"అమెరికాలో మా బావమరిది తెస్తానంటున్నాడు" అని అతడు మరొక దారి చెప్పాడు. అక్కడ కూడా దాని ధర వెయ్యి డాలర్లకు పైనే. పైగా అక్కడ అమ్మేది 120 వోల్టులది. మన ఇళ్లలో వచ్చేది 230. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. చెడిపోతే మన ఊళ్లో బాగుచేసేవారెవరు? అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు రాకుండా పెట్టె విప్పరాదు.

చేతిలో ఉన్నదానితో

అంతలో మా చూపు మూలనున్న రూటర్ మీద పడింది. తలుపులకు అంచులు తీయటానికి అతడు ఏనాడో కొన్నాడు. రూటర్ కదలకుండా నడిచేలా ప్లైవుడ్‌తో ఒక చట్రము చేసుకొంటే, విడి కుసికి కావలసిన బెజ్జమును దానితోనే తొలవవచ్చు. డొమినో అంత వేగము ఉండదు గాని, ఉలి కంటె ఎంతో త్వరగా అవుతుంది. ప్లైవుడ్ ముక్కలు ఇంట్లోనే ఉన్నాయి.

వారము తిరగకముందే అతడు చట్రము చేశాడు. మొదటిది వంకరగా వచ్చింది, రెండవది కుదిరింది. ఇప్పుడు ఒక అతుకు పన్నెండు నిమిషాలలో ముగుస్తున్నదట. ఆ తరువాత వచ్చిన సెట్టును చెప్పిన రోజుకే అందించాడు.

ప్రియులారా, మంచి పనిముట్టును మేము తక్కువ చేయటము లేదు. నెలకు నాలుగైదు సెట్లు చేసే షెడ్డుకు ఆ యంత్రము తన ఖరీదును తానే తీర్చుకొంటుంది. మా మిత్రుని విషయములో అలాగే జరిగింది. అయితే పని పెరిగినందున యంత్రము కొనటము వేరు, యంత్రము కొంటే పని పెరుగుతుందని అప్పు చేయటము వేరు. మొదటిది వ్యాపారము. రెండవది ఆశ. ఆ ఆశకు వడ్డీ కట్టేది ఇంటిల్లిపాది.

మొన్న మళ్లీ ఆ ఇంటికి వెళ్లాము. గోడకు ఒక నోటుపుస్తకము వేలాడుతున్నది. ఏ నెలలో ఎన్ని అతుకులు చేశాడో సహోదరి అందులో రాస్తున్నది. "ఈ లెక్క వడ్డీని దాటిన నెల కొంటాను అయ్యగారూ, అదీ ఈమె సరేనంటేనే" అని అతడు నవ్వాడు. టీ గ్లాసులు అందిస్తూ ఆమె కూడా నవ్వింది. గొలుసు ఆమె మెడలోనే ఉన్నది.